నెల సగం దాటేసరికి చేతి ఖర్చు అయిపోతోంది, హాస్టల్లో ఉన్నవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

పలాస పిల్ల:
అందరికీ నమస్కారం. మాది పలాస. విశాఖలో బీఎస్సీ రెండో ఏడాది, ప్రైవేటు హాస్టల్లో ఉంటున్నాను. హాస్టల్ డబ్బు నాన్న నేరుగా కట్టేస్తారు. అది కాక చేతి ఖర్చుకి నెలకి 3,000 వేస్తారు. నాన్నది తాపీ పని, అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్తుంది. ఇంకా వేయమని అడగడానికి నోరు రాదు.

18, 20వ తారీకు వచ్చేసరికి ఖాతాలో 200 కూడా ఉండట్లేదు. పెద్దగా కొన్నదేమీ కనపడదు. బస్సు ఖర్చు కూడా లేదు, 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి మొదలైన దగ్గర్నుంచి ఆధార్ చూపించి సిటీ బస్సెక్కుతున్నాను. రీఛార్జి, రికార్డులు, జిరాక్సులు, సాయంత్రం టీ, బీచ్‌కి వెళ్తే మురీ మిక్చర్. వీటన్నిటికన్నా ఎక్కువ పుట్టినరోజులు. మా గ్రూపులో 11 మందిమి. కేకుకి తలా 150, తర్వాత బయట తిండికి తలా 300. "నువ్వొక్కదానివే రావా?" అంటే కాదనలేను.

ఈ నెల సెమ్ ఫీజు కూడా ఉంది. ఒక యాప్‌లో పది నిమిషాల్లో 2,000 లోన్ వస్తుందని ఫ్రెండ్ చెప్పింది. తీసుకోవచ్చా? టెన్షన్‌గా ఉంది.

సీతమ్మధార అక్క:
చెల్లీ, నేనూ శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే హాస్టల్లో ఉండి చదువుకున్నాను. నీ 3,000 తక్కువేమీ కాదు, ఎక్కువా కాదు. దాన్ని నెల డబ్బుగా చూడకు, వారం డబ్బుగా చూడు. డబ్బు పడగానే 300 రీఛార్జికి, 200 సెమ్ ఫీజుకి తీసి పక్కన పెట్టు. మిగిలింది 2,500. ప్రతి ఆదివారం ఏటీఎంకి వెళ్లి 500 తెచ్చుకో, ఆ వారమంతా ఆ నోట్లే. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకి 5 సార్లు తీసినా ఛార్జీ పడదు, కాబట్టి ఐదు ఆదివారాలు వచ్చిన నెలకీ సరిపోతుంది. నాలుగే వస్తే 500 మిగులుతుంది, ఊరెళ్లే ఖర్చుకి ఉంచుకో.

నోట్లు ఎందుకంటే, స్కాన్ చేసి కొట్టే 20, 30 మనకి ఖర్చులా అనిపించదు. పర్సులో గురువారానికి ఒక్క వంద నోటే మిగిలితే మాత్రం రెండో టీకి చెయ్యి ఆగుతుంది.

ఇక పుట్టినరోజులు. నీ డబ్బు పోతున్నది అక్కడే, కారణం మొహమాటం. హోటల్లో బిల్లు వచ్చాక చెప్పలేవు, అది ఎవరికైనా కష్టమే. వారం ముందే చెప్పెయ్: "కేకుకి నా వాటా 50 ఇస్తాను, రూమ్‌లో కట్ చేసేటప్పుడు ఉంటాను, బయటికి మాత్రం రాలేను." సాకులు చెప్పకు. ఒంట్లో బాలేదంటే వచ్చే పుట్టినరోజుకి ఇంకో సాకు వెతుక్కోవాలి. నేను మా రూమ్‌లో ఈ మాట అన్న రాత్రే ఇద్దరు నా మంచం దగ్గరికొచ్చి, మాకూ ఇదే ఇబ్బంది, నువ్వు అన్నావు కాబట్టి మేమూ అంటాం అన్నారు. 11 మందిలో నువ్వొక్కదానివే ఇలా లేవు, నమ్ము.

అనంతపురం కుర్రాడు:
అక్కా, నోట్ల సంగతి బాగానే ఉంది గానీ మా క్యాంటీన్లో 500 ఇస్తే చిల్లర లేదంటారు. నేను యూపీఐ లైట్ వాడతాను, అంటే పేమెంట్ యాప్‌లోనే కొంత డబ్బు విడిగా వేసుకునే చిన్న పర్సులాంటిది. ఆదివారం 500 వేసుకుంటాను, అయిపోతే అయిపోయినట్టే. ఆటోమేటిక్‌గా నిండే టాపప్ మాత్రం ఆపెయ్యాలి, లేకపోతే ఉపయోగం లేదు.

సీతమ్మధార అక్క:
అదీ మంచి పద్ధతే తమ్ముడూ. ఒక్క విషయం, లైట్‌లో పిన్ అడగదు, పైగా ఒక్కో ఖర్చూ బ్యాంకు పాస్‌బుక్‌లో విడిగా పడదు. యాప్ హిస్టరీ చూసుకోవాల్సిందే. మనసు గట్టిగా ఉన్నవాళ్లకి అది చాలు. అలాగే యాప్‌లో ఆటోపే అని ఉంటుంది చెల్లీ, ఒకసారి తెరిచి చూడు. నెల ఫ్రీ అని పెట్టుకున్న పాటల యాప్‌లూ సినిమా యాప్‌లూ అక్కడే డబ్బు లాగుతుంటాయి. వద్దనుకున్నవి అక్కడే రద్దు చేసుకోవచ్చు.

బ్యాంకులో పనిచేసే అంకుల్:
అమ్మా, ఆ లోన్ జోలికి అసలు వెళ్లొద్దు. ఇలాంటి దొంగ యాప్‌లు 2,000 అని చెప్పి ప్రాసెసింగ్ పేరుతో ముందే కోసుకుని 1,300, 1,400 చేతిలో పెడతాయి. వారం తిరక్కుండా 2,000 కట్టమంటాయి. ఆలస్యమైతే నీ ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు, ఫొటోలు మార్చి పంపుతామని బెదిరింపులు. నా కౌంటర్ దగ్గరికి ఏడ్చుకుంటూ వచ్చిన పిల్లల్ని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం అప్పు ఇచ్చేది బ్యాంకో, రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీయో అయి ఉండాలి, డబ్బు వాళ్ల ఖాతా నుంచి నేరుగా నీ ఖాతాకి రావాలి, ఏడాది వడ్డీ ఎంతో ముందే కాగితం మీద చూపాలి. నీ కాంటాక్టులూ ఫొటోలూ ముట్టుకోకూడదు. వాటికి పర్మిషన్ అడిగిందంటే వెంటనే తీసెయ్. మీ గ్రూపులో ఎవరైనా ఇప్పటికే ఇరుక్కుని ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు. 'ఇప్పుడు కొను, తర్వాత కట్టు' రకంలో కూడా కిస్తీ తప్పితే సిబిల్‌లో, అంటే బ్యాంకులు చూసే మన అప్పుల రికార్డులో పడుతుంది, రేపు పీజీకి ఎడ్యుకేషన్ లోన్ అడిగేటప్పుడు అది అడ్డొస్తుంది.

సెమ్ ఫీజు చేతి ఖర్చు కాదమ్మా, చదువు ఖర్చు. నాన్నగారికి చెప్పడంలో తప్పు లేదు.

పలాస పిల్ల:
అక్కా, అంకుల్, చాలా థాంక్స్. యాప్ తీసేశాను. ఆటోపేలో 149ది ఒకటి కనపడింది, రద్దు చేశాను. ఫీజు సంగతి రాత్రి అమ్మకి చెప్పాను, శనివారం కూలి డబ్బులు వచ్చాక వేస్తానంది. ఒక్క సందేహం. 21న నా రూమ్మేట్ పుట్టినరోజు, తనైతే నాకు బాగా దగ్గర. 50 ఇస్తే బాధపడుతుందేమో?

సీతమ్మధార అక్క:
దగ్గరిదైతే గ్రూపులో కాదు, ముందు తనకే విడిగా చెప్పు. ఆ రోజు పొద్దున తనతో సింహాచలం వెళ్లిరా, మీ ఇద్దరికీ సిటీ బస్సు ఎలాగూ ఉచితమే.