ఇంట్లో పవర్ ర్యాక్ చేయించాలి: పైపు ఏ సైజు, నేలకు బోల్టు వేయాలా?

ప్రశ్న (కర్నూలు): అన్నా, ఇంట్లో ఒక్కణ్ణే స్క్వాట్, బెంచ్ ప్రెస్ చేస్తున్నా. స్క్వాట్ 100 కిలోలు దాటింది, వెనక పట్టుకునేవాళ్లు లేరు. మా వీధి వెల్డింగ్ షాపాయన పవర్ ర్యాక్ (లోపల నిలబడి బరువులెత్తే నాలుగు నిలువుల ఇనుప చట్రం) చేసిస్తానంటున్నాడు, గేట్లకు వాడే పైపు చాలంట. నాది 7 అడుగుల ఒలింపిక్ బార్, గదిలో బేతంచెర్ల బండలు పరిచినారు. కొలతలు చెప్పండన్నా.

జవాబు (అనంతపురం): గేటు పైపు వద్దు తమ్ముడూ. పల్చటి పైపుకు బొక్కలు వేసినాక ఇంక బలమేముంటుంది? 60×60 మి.మీ. చదరపు పైపు, 3 మి.మీ. మందం అడుగు. కాలిపర్‌తో మందం కొలిచే తీసుకో. 20 అడుగుల పైపు 32 కిలోల దాకా తూగాలి, బాగా తక్కువ తూగితే మందం లేదనే లెక్క. మూడు పైపులు సరిపోతాయి: 7 అడుగుల నిలువులు నాలుగు, కింద 4 అడుగుల పట్టీలు రెండు, మిగతావి అడ్డాలకు. ముందువైపు కింద అడ్డం వేయించొద్దు, కాలికి తగులుతుంది. జీఐ (జింకు పూత) పైపు వద్దు, వెల్డింగ్ చేసేటప్పుడు ఆ జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

వెడల్పు దగ్గర జాగ్రత్త. ఒలింపిక్ బార్‌కు ప్లేట్లు ఎక్కే లావు భాగాల మధ్య దూరం 131 సెం.మీ. ర్యాక్ బయటి వెడల్పు 120 పెట్టు, అటూ ఇటూ ఐదేసి సెంటీమీటర్లు ఖాళీ ఉంటుంది. అంతకన్నా వెడల్పు చేస్తే బార్ పెట్టేటప్పుడు ప్లేట్లు నిలువులకు కొట్టుకుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం సేఫ్టీ రాడ్లు, బార్ చేజారితే ఆపేవి అవే. 25 మి.మీ. నిండు రాడ్, ముందు నిలువులోంచి వెనక నిలువు దాకా దూరాలి. పైపు వద్దు, వంగిపోతుంది. బొక్కలు 26 మి.మీ.వి, 5 సెం.మీ.కు ఒకటి. గ్యాస్‌తో కాల్చనియ్యొద్దు, డ్రిల్ మిషన్‌తోనే వేయించు. ముందు నిలువునూ వెనక నిలువునూ కలిపి క్లాంపు బిగించి ఒకేసారి గుర్తు పెట్టించు. ఒక్క బొక్క తేడా వచ్చినా రాడ్ వాలుగా కూర్చుంటుంది, బార్ ఒక పక్కకు దొర్లుతుంది.

ఇంకొకరు (కడప): నేలకు యాంకర్ బోల్టులు కొట్టేయండి బ్రదర్, కదలదు.

జవాబు (అనంతపురం): కాంక్రీటు నేలైతే సరే. ఈయనది బండల నేల. బండ మందం అంగుళం, అంగుళంన్నర, కింద ఇసుక. బోల్టుకు పట్టు దొరకదు, డ్రిల్ పెడితేనే చీలిపోవచ్చు. మా వైపు ఇళ్లలో నాపరాయి మీద బరువు పడితే మూల విరగడం మామూలే. అందుకే కింద పట్టీలు పొడుగ్గా పెట్టి, వాటి కింద 18 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు వేసి, పైన రబ్బరు షీటు పరుచు. వాడని ప్లేట్లు వెనక నిలువులకు తగిలించు, ముందుకు తూలదు.

ప్రశ్న: మిద్దె మీద పెట్టొచ్చా అన్నా? కింద గది ఇరుకు.

జవాబు (అనంతపురం): పాత బండల మిద్దెయితే అసలొద్దు. స్లాబ్ అయినా ఇంజనీరుకు చూపించకుండా పెట్టొద్దు. గది 10 అడుగుల వెడల్పుంటే చాలు, కిందనే పెట్టుకో.

ప్రశ్న: రాడ్లు ఎంత ఎత్తులో పెట్టాల?

జవాబు (అనంతపురం): స్క్వాట్‌కు నువ్వు పూర్తిగా కూర్చున్నప్పుడు బార్ ఎక్కడికొస్తుందో, దానికి అంగుళం, రెండంగుళాలు కింద. బెంచ్‌కు ఛాతీ ఎత్తిపెట్టి దించితే బార్ రాడ్లకు తగలకూడదు, వీపు చదును చేస్తే రాడ్ల మీద ఆనాలి. బొక్క సరిపోకపోతే బెంచీ కింద ప్లైవుడ్ ముక్క పెట్టి ఎత్తు సరిచేసుకో. మెడ మీద బార్ పడకుండా ఆపేది ఆ కాస్త ఎత్తు తేడానే, తొందరపడొద్దు.

రెడ్ ఆక్సైడ్ పూయకముందే షాపులో ప్రతి వెల్డింగునూ సుత్తితో తట్టించి, పెచ్చు రాల్చి చూడు. సందు కనిపిస్తే మళ్లీ కొట్టించు. ఇంటికొచ్చినాక నువ్వు లోపల నిలబడకుండానే బార్‌కు బరువెక్కించి, ఇద్దరు చెరోపక్క పట్టి జానెడు ఎత్తు నుంచి రాడ్ల మీద వదలండి. రాడ్ వంగినా, అతుకు చిట్లినా అప్పుడే తెలిసిపోతుంది.