జాతర తుపాకి గొట్టం మడవాలంటే భుజం పోతోంది

బుగ్గలకొట్టు (హనుమకొండ):
మాది జాతరల్లో బుగ్గలు (బెలూన్లు) కొట్టించే దుకాణం. గొట్టం మడిచి పేల్చే గాలి తుపాకులు రెండున్నాయి, రెండూ 0.177 అంగుళాల గుండు సైజువే. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న దగ్గర ఒకటి మొండికేసింది. ఆడవాళ్లకు, పిల్లలకు మడవడం రాక ప్రతిసారీ నేనే మడిచి ఇచ్చా. రోజుకు రెండు మూడు వందల సార్లు! పొద్దున మరీ బిగుసు, మధ్యాహ్నానికి కొంచెం నయం. మా ఆవిడ నా భుజానికి నువ్వుల నూనె రాస్తోంది, నేను తుపాకికి కొబ్బరినూనె పోస్తున్నా. గొట్టం వెనక బొక్కలో కూడా పోశా. అప్పటినుంచి పేల్చినప్పుడల్లా పొగ, పెద్ద చప్పుడు. ఆదివారం కొమురెల్లి జాతరకు పోవాలి, ఏం చేయమంటారు?

పాతఇనుము:
స్ప్రింగు రెండు చుట్లు కోసెయ్యి అన్నా. బుగ్గకు అంత బలమెందుకు?

రిటైర్డ్ ఫిట్టర్ (కాజీపేట):
కోయొద్దు తమ్మీ. కోసిన కొస చదునుగా కూర్చోదు, వంకరగా ఒరుసుకుంటూ లోపలి గోడ గీకుతుంది. బలం తగ్గాలంటే మెత్తని స్ప్రింగే వేయించాలి. అయినా దోషం స్ప్రింగుదేనా? గుండు లేకుండా మడిచి చూడు. తెరిచాక మొదటి రెండు మూడు వేళ్ల దూరం స్ప్రింగు ఇంకా పట్టదు. అక్కడే బిగుసుకుంటే తప్పు గొట్టం మడతపడే చోటి కీలు బోల్టుది.

పొద్దున బిగుసు అన్నావు చూడు, అది నీ కొబ్బరినూనె. 24 డిగ్రీల కిందికి వస్తే గడ్డకడుతుంది. మన చలికి సీసాలో చూడట్లేదా? ఇక పొగ సంగతి. నేను డీజిల్ షెడ్డులో పనిచేసినవాణ్ని. డీజిల్ ఇంజన్‌లో స్పార్కు ప్లగ్గు ఉండదు, నొక్కిన గాలి వేడికే నూనె అంటుకుంటుంది. నీ తుపాకిలో స్ప్రింగు గాలిని నొక్కినప్పుడూ అదే జరుగుతోంది. అట్లే వాడితే లోపలి వాషరు కాలిపోతుంది, స్ప్రింగు విరుగుతుంది. ఆ బొక్కలో ఇక చుక్క కూడా పోయకు.

తుపాకి కట్టె (చెక్క పిడి) విప్పి, గొట్టం కొంచెం తెరిచి, కీలు బోల్టు తీయి. బోల్టు, వాషర్లు, మడత కడ్డీ కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టు. మాలిబ్డినం కలిసిన నల్ల గ్రీజు గోరంత రాయి. బోల్టు అతిగా బిగించకు, గొట్టం పక్కకు ఊగకపోతే చాలు. వెనక పిన్ను జోలికి మాత్రం పోకు, స్ప్రింగు ఎగిరి మొహానికి తగులుతుంది. గుండు పెట్టేటప్పుడు గొట్టం చేత్తో పట్టుకునే ఉండు. జారితే వేలు పోతుంది.

బుగ్గలకొట్టు:
దండం కాకా. బోల్టు చుట్టూ జాతర దుమ్ము, నూనె కలిసి తారు ముద్దలా ఉంది. పైగా నేనే దాన్ని స్పానరుతో బలంగా బిగించా, ఊగుతోందని. కడిగి గ్రీజు రాశాక కొమురెల్లిలో ఒక అవ్వ తానే మడిచి ఐదింటిలో నాలుగు పగలగొట్టింది. రెండోదాన్ని ఇంకా విప్పలేదు. దానిలోనూ కొబ్బరినూనె పోశా, పొగ వస్తుందని పిల్లలు దాన్నే అడుగుతున్నారు.