ధ్యానం చేస్తే ఎదురు చెప్పే గుణం పోతుందా?

మాదాపూర్ నైట్ షిఫ్ట్: మాది జీతాల లెక్కలు చూసే విభాగం. మా మేనేజరుకు ఎవరినైనా అందరి ముందు నిలబెట్టి కడిగేయడం అలవాటు. మొన్న నెలాఖరున ఒక కుర్రాడు అర్ధరాత్రి దాకా కూర్చుని పంపిన షీటును తెరమీద పెట్టి, "ఇది మనిషి చేసిన పనేనా?" అన్నాడు. ఆ తప్పు అంకె మార్చింది మేనేజరే. ఎవరు మార్చారో పేరు సహా పక్కనే కనిపిస్తోంది. అందరం చూశాం, ఎవరమూ నోరు మెదపలేదు. నేను రోజూ ధ్యానం చేస్తాను. ఆఫీసులో కోపమే రాదు. ఇంటికెళ్లాక మాత్రం మా ఆయన మీద విరుచుకుపడుతున్నాను. ఇది శాంతమా, పిరికితనమా?

చిలుకూరు భక్తుడు: అక్కా, 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకోండి. ఆయన బదిలీ అయ్యాక 108. ఈమధ్య వీసాల కంటే ఇలాంటి మొక్కులే ఎక్కువయ్యాయని నా అనుమానం.

మాజీ హెచ్చార్: అసమ్మతి ఎక్కడికీ పోదండీ, దారి మార్చుకుంటుంది. జెఫ్రీ కాసింగ్ అనే పరిశోధకుడు దాన్ని కొలవడానికి 1998లో ఒక ప్రశ్నావళి ఇచ్చాడు. అందులో దారులు మూడు: పైవాళ్లకే చెప్పడం, తోటివాళ్ల దగ్గర వెళ్లగక్కడం, ఇంట్లోవాళ్ల దగ్గర వెళ్లబోసుకోవడం. మీది మూడోది, పాపం మీ ఆయన! నన్నడిగితే మీ నోరు కట్టేసింది ధ్యానం కాదు, ఇంటి అప్పు వాయిదా. పై అధికారుల దాష్టీకం గురించి బెనెట్ టెప్పర్ 2000లో రాసిన పరిశోధనలోనూ, వేరే ఉద్యోగం చూసుకునే వీలు లేనివాళ్లే ఎక్కువ నలిగిపోతారని తేలింది. ఇలాంటి బాసే పనిగట్టుకుని యోగా తరగతులు పెట్టిస్తే మాత్రం, అది నోళ్లు మూయించడానికేమోనని నాకు భయం. మీ మేనేజరుతో ఒంటరిగా మాట్లాడండి. షీటు గురించే మాట్లాడండి, ఆయన స్వభావం జోలికి పోకండి. జరిగింది తేదీతో సహా రాసిపెట్టుకోండి.

పురాణాల పిచ్చి: నిండు సభలో ద్రౌపది నిలదీసినప్పుడు ధర్మం సూక్ష్మమైనదని తప్పించుకున్న భీష్ముడికి నిష్ఠ తక్కువా? అది అన్యాయమని గట్టిగా అన్నది కౌరవుల్లోనే ఒకడు, దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు. కర్ణుడు వెంటనే గద్దించాడనుకోండి. అయినా వికర్ణుడు అన్నగారి కొలువు వదల్లేదు, చివరికి ఆ పక్షానే పోరాడి చనిపోయాడు. ఎదురు చెప్పినవాడల్లా ద్రోహి కాదని మీ మేనేజరుకు ఎవరు చెబుతారో!

మాదాపూర్ నైట్ షిఫ్ట్: మెయిలు రాసి పెట్టుకున్నాను, ఇంకా పంపలేదు. ముందు ఆ కుర్రాణ్ణి అడగాలి. తన పేరు బయటికి రావడం అతనికి ఇష్టమో కాదో.