సమస్యాపూరణం: "గోడ కూలినపుడె గోడ నిలిచె"

నిర్వాహకులు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలు మీరు పూరించాలి.

గోడ కూలినపుడె గోడ నిలిచె

గోడ | కూలి | నపుడె | గోడ | నిలిచె. అయిదూ సూర్యగణాలే (గురువు–లఘువు గాని, మూడు లఘువులు గాని), యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం, గో–గో. విరోధం కనబడుతూనే ఉంది: కూలింది ఏది, నిలిచింది ఏది? విద్వద్గద్వాల అని పేరు పడ్డ సీమ మనది, పద్యం సంగతి మీకు చెప్పనక్కర లేదు. ఈసారి మాత్రం ఒక షరతు. పూరణ మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఇళ్ల మీదో, గోడల అలంకారం మీదో, పాడుబడ్డ గడీల (దొరల పెద్ద భవంతుల) మీదో ఉండాలి. పద్యం కింద పని వివరం రాయాలి. వేదాంతం గోడలు వద్దు. దేహమనే గోడ, మాయ అనే గోడ ఇదివరకే చాలా కూలాయి.

సున్నంబట్టి:

పాత సున్నమునకు పైన సిమెంటద్ద
నేల చెమ్మ లోన నిలిచిపోయె
పెచ్చు లూడగొట్టి పీల్చనిచ్చిరి గాలి
గోడ కూలినపుడె గోడ నిలిచె

రాయి, సున్నంతో కట్టిన గోడ నేలలోని చెమ్మను పైకి గుంజుకుంటది, గాలికి వదిలేస్తది. దాని మీద సిమెంటు పూత పడితే చెమ్మ బయటికి రాలేదు. నీళ్లతోపాటు వచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకడుతూ ఉబ్బి, మెత్తటి సున్నాన్ని పొడి చేస్తది. పైన చూస్తే గోడ నున్నగా ఉంటది, తట్టితే డొల్ల చప్పుడు. అడుగు నుంచి మూడు, నాలుగు అడుగుల ఎత్తు దాకా బొబ్బలు కనబడితే రోగం ఇదే. ప్లాస్టిక్ పెయింటు చేసేదీ ఇదే పని, కొంచెం నిదానంగా.

నిర్వాహకులు:
సున్నంబట్టి గారూ, ఛందస్సు నిర్దుష్టం. పా–పై, నే–ని, పె–పీ యతులు సరిపోయాయి. "పీల్చనిచ్చిరి గాలి" చక్కని మాట. అయితే సమస్యకు పూర్తి న్యాయం జరగలేదు. ఊడింది పూత, గోడ కాదు. నాలుగో పాదంలో మొదటి "గోడ"కు ఆధారం కావాలి. మూడో పాదం చివర ఒక్క మాట మార్చండి:

పెచ్చు లూడగొట్టి పీల్చనిచ్చిరి, పూత
గోడ కూలినపుడె గోడ నిలిచె

"పూతగోడ" అన్నాక విరోధం విడిపోతుంది. "చ్చిరి పూత" సలమే (రెండు లఘువులు, గురువు, లఘువు), గణం చెడలేదు.

తాపీమేస్త్రి:
పద్యం సంగతి పెద్దలు చెప్పిన్రు, పని సంగతి నేను చెప్తా. "పెచ్చు లూడగొట్టి" అని చదివి బ్రేకర్ మిషన్ పట్టుకొని పోతే పూతతో పాటు గోడ కూడా పోతది. ముందు వేళ్లతో తట్టి డొల్ల ఉన్నంత మేర సుద్దముక్కతో గీత గీయాలె. ఉలి ఏటవాలుగా పట్టి, చిన్న సుత్తెతో, అంచు నుంచి లోపలికి. సిమెంటు గట్టిగా అంటుకొని రాయి ముక్కలనే లేపుతుంటే అక్కడ ఆగాలె. చెమ్మ గీత కంటే ఒక అడుగు పైదాకా తీస్తే చానా జాగల సరిపోతది.

తీసినంక వెంటనే పూయొద్దు. ఒక ఎండకాలం ఆరనియ్యాలె. తెల్లగ తేలిన ఉప్పును పొడి కుంచెతో దులపాలె. కడగొద్దు. కడిగితే ఉప్పు కరిగి మళ్ల గోడలకే పోతది.

కొత్త పూత లెక్క: మొదటి పూత ఒక పాలు నానిన సున్నం ముద్దకు మూడు పాళ్ల ఇసుక, 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం. పై పూత ఒకటికి రెండు, 5 మిల్లీమీటర్లు. అడుగున చెమ్మ ఎక్కువుంటే ఒక పాలు సున్నం, ఒక పాలు ఇటుకపొడి, రెండు పాళ్ల ఇసుక. ఇటుక మరీ కాలింది వద్దు, తక్కువ కాలినదాని పొడే సున్నంతో కలిసి గట్టిపడతది. సున్నం కనీసం రెండు వారాలు నీళ్లల్ల ఉండాలె, నెల ఉంటే ఇంకా మంచిది. నానని పలుకులు మిగిలితే పూసినంక నీళ్లు పీల్చి పొంగి, గోడ మీద ఆవగింజలంత గుంటలు పడతయి. పూసిన తర్వాత తడి గోనెపట్టాలు కట్టి వారం పది రోజులు కాపాడాలె. రోహిణి కార్తెల పూసినోడు సున్నాన్ని తిట్టొద్దు. దసరా దాటినంక పూయాలె.

సున్నంబట్టి:
నిర్వాహకుల సవరణకు ధన్యవాదాలు. విచిత్రం చూడండి, కృష్ణ ఒడ్డున వాడపల్లి, మఠంపల్లి దిక్కు దొరికే సున్నపురాయే బట్టీలో కాలితే సున్నం, మట్టి కలిపి ఇంకా వేడిలో కాలిస్తే సిమెంటు. ఒక్క తల్లి పిల్లలే, ఒక్క గోడ మీద పడతలేదు.

రావిమొలక:

రావి వేరు దూరి రాయి రాయిని చీల్చె
కొమ్మ నరుక నేమి కుదురు మిగుల
రాళ్ళు విప్పి వేరు తీసి కట్టిన నాడు
గోడ కూలినపుడె గోడ నిలిచె

దేవరకొండ వైపు పాత బురుజుల మీద, ఊళ్లలో విడిచిపెట్టిన గడీల మీద చూడవచ్చు. పిట్ట రెట్టలో గింజ, సున్నం పోయిన సందు, కాసింత తడి. అంతే కావాలి రావికి. కొమ్మ నరికితే నాలుగు కొమ్మలు వేస్తుంది. పెన్సిలంత ఉన్నప్పుడే సందు తడిపి వేరుతో సహా తీసి, సందును సున్నంతో నింపాలి. మణికట్టంత అయ్యాక లాగకూడదు. అప్పటికి ఆ వేరే రాళ్లను పట్టి ఉంచుతుంది. మొదలు కోసి, కోసిన వెంటనే గాయం మీద కలుపుమందు పూస్తే వేరు చస్తుంది. తరువాత వేరు కుళ్లిన చోట బోలు మిగులుతుంది, దాన్ని పలుచని సున్నం, ఇటుకపొడి కలిపి పోసి నింపకపోతే గోడ కుంగుతుంది. తొడంత వేరైతే మార్గం ఒకటే: రాళ్లకు పైనుంచి వరుసగా అంకెలు వేసి, ఫొటో తీసి, విప్పి, మళ్లీ అదే వరుసలో కట్టడం.

నిర్వాహకులు:
రావిమొలక గారూ, మొదటి రెండు పాదాలు బాగా నడిచాయి. "రాయి రాయిని చీల్చె" వింటుంటే పగులు కనబడుతోంది. మూడో పాదంలో యతి తప్పింది. రా–తీ కుదరదు, ఆ చోట్ల రెండో అక్షరాలు కలిసే ప్రాసయతీ లేదు. ఇలా చూడండి:

రాళ్ళు విప్పి వేరు ప్రాపు దీసిన నాడు

ప్రా లోని రేఫతో రా కు యతి చెల్లుతుంది. "వేరు ప్రాపు" రెండూ తెలుగు మాటలే కనుక రు గురువు కాదు. ఇంకొక చిక్కు: మీరు విప్పారు, సమస్యలో కూలింది. విప్పడం, కూలడం ఒకటి కావు. పూరణగా ఒప్పుకుంటాను గాని పూర్తి మార్కులు ఇవ్వను.

తాపీమేస్త్రి:
అంకెలు సుద్దముక్కతో వేస్తే ఒక్క వానకు పోతయి. రాయి లోపలి ముఖం మీద రంగుతో వేయాలె, బయటి ముఖం మీద వేస్తే ఎన్నేండ్లయినా కనబడతది.

గచ్చుచిలుక:

రోడ్డు వైపు కొట్టు రూపు మాపగ గడి
గచ్చు పూలు చిలుక గానరావు
కొట్టు గూల్చి చూడ కొత్తగా వెలుగొందె
గోడ కూలినపుడె గోడ నిలిచె

గడి ముందు గోడకు ఆనించి వేసిన షట్టర్లు తీస్తే వెనక పాత కమాను, దాని మీది గచ్చు పని (సున్నంతో తీర్చిన పూలు, చిలుకలు) బయటపడుతుంది. తీసేటప్పుడు మూడు జాగ్రత్తలు. కొత్త గోడను లాగొద్దు, ముందు రెండింటి అతుకును కట్టింగ్ బ్లేడుతో విడదీయాలి. స్లాబు ఊచలు పాత గోడలోకి దిగి ఉంటే వాటిని అక్కడే కోసి వదలొద్దు, తుప్పు పట్టి ఉబ్బి గచ్చును చీలుస్తాయి. వాటి చుట్టూ చెక్కి బయటికి తీయాలి. మూడోది, పూల మీద ఏళ్లకేళ్లు పడ్డ వెల్ల పొరలను ఆసిడ్‌తో కడగొద్దు. గచ్చే సున్నం, ఆసిడ్ ముందు దాన్నే తింటుంది. వెదురు పుల్లతో పొడిగా గీకితే రేకులు విడివిడిగా వస్తాయి. రాత్రి టార్చిని గోడ పక్కనుంచి వేస్తే ఎక్కడ పువ్వు ఉందో, ఎక్కడ ఉత్త వెల్ల ఉందో నీడ చెబుతుంది.

నిర్వాహకులు:
విరోధం సహజంగా విడిపోయిన పూరణ ఇది. కూలింది ఒక గోడ, కనబడింది ఇంకొక గోడ. దోషం లేదు. ఒక్క మాట మాత్రం: మన దిక్కు "కొట్టు" అంటే దెబ్బ. దుకాణాన్ని ఎవరూ కొట్టు అనరు. డబ్బ అనండి:

రోడ్డు వైపు డబ్బ రూపు మాపగ గడి
గచ్చు పూలు చిలుక గానరావు
డబ్బ గూల్చి చూడ నబ్బురంబుగ దోచె
గోడ కూలినపుడె గోడ నిలిచె

డబ్బ–నబ్బు ప్రాసయతి.

గచ్చుచిలుక:
నబ్బురంబుగ! డబ్బకు ఇంత గౌరవం ఎన్నడూ దక్కలేదు. మార్చుకున్నాను.

దిగూడు:

మట్టి గోడకేల మణుగు బరువు బొమ్మ
మేకు తోడ మన్ను మెల్ల జారె
చీన షోకు కొరకు చెక్కిన చెక్క ప
గోడ కూలినపుడె గోడ నిలిచె

మట్టిగోడకు మేకు కొడితే చుట్టూ పొడి అవుతుంది, బరువు కిందికి లాగినకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. చిన్న అద్దం, పటం వరకైతే మూడంగుళాల రంధ్రంలో తడి మట్టి, సున్నం కూరి చెక్క బిరడ దిగగొట్టి, పూర్తిగా ఆరాక దానికి మేకు కొట్టాలి. అంతకు మించిన బరువు నేల మీదే ఉండాలి. అయినా గోడలో దిగూడు ఉండగా మేకెందుకు? దీపం పెట్టే ఆ గూట్లో లోపలంతా వెల్ల వేసి, అంచుకు రెండు వేళ్ల వెడల్పున జాజు (ఎర్రమట్టి) దిద్దితే ఇక ఏ బొమ్మా అక్కర లేదు.

నిర్వాహకులు:
నవ్వించారు. పదాన్ని విరిచి ప–గోడ చేయడం అవధానుల పాత ఎత్తే. ఛందస్సులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చీనా పగోడ మన మట్టింటికి ఎలా వచ్చిందని అడగను, ఆన్‌లైన్లో అన్నీ వస్తున్నాయి.

జాజుగోడ:
దిగూడు గారు జాజు ఎత్తారు కనుక వెల్ల కొలత కూడా ఉండాలి. కిలో రాతిసున్నానికి అయిదు లీటర్ల నీళ్లు. నీళ్లలో సున్నం వేయాలి, సున్నం మీద నీళ్లు గుమ్మరించొద్దు, మరిగి కంట్లోకి చిమ్ముతుంది. 24 గంటలు ఉంచి పలుచని బట్టలో వడగట్టాలి. నీలిమందు కిలోకు 3 గ్రాములు దాటితే గోడ నీలంగా దిగులుగా కనబడుతుంది. కొంచెం తుమ్మబంక కలిపితే చేతికి అంటదు. కొత్త గోడకు మూడు పూతలు, ఒకటి ఆరాకే ఇంకొకటి. మొదటి పూత తడిగా ఉన్నప్పుడు ఏమీ వేయనట్టే ఉంటుంది, ఆరాక తెల్లబడుతుంది. అది తెలియక చిక్కగా పూసేవాళ్ల గోడే పొరలు పొరలుగా లేస్తుంది. జాజు మట్టిరంగు కనుక సున్నం దాన్ని చంపదు.

ఇక నా పూరణ, క్రమాలంకారంలో:

చవుడు పట్టి ముందు జారిన దేమిటి?
తప్పు తెలిసె నెపుడు? తడికి నడ్డు
యేది? సున్నమద్ద నేమి జేసెను జూడ?
గోడ కూలినపుడె గోడ నిలిచె

నిర్వాహకులు:
నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు, వరుస తప్పలేదు: గోడ, కూలినపుడె, గోడ, నిలిచె. కాని "అడ్డు యేది" చెల్లదు. ఉత్వసంధి నిత్యం, "అడ్డేది" కావాలి. సవరణ:

తప్పు తెలిసె నెపుడు? తడికి నెద్ది
యడ్డు? సున్నమద్ద నచ్చట నేమయ్యె?

టేపుపట్టీ:

కూలు ముందె కొలత కోణాలు లెక్కించి
కాగితాన గీయ గడియె దక్కె
మట్టి గలిసె గాని పట్టుకొంటిమి రూపు
గోడ కూలినపుడె గోడ నిలిచె

వనపర్తి రాజమహల్లో పాలిటెక్నిక్ నడుస్తోంది కనుక అక్కడ కప్పు మీద నీళ్లు నిలిస్తే చూసే మనిషి ఉంటాడు. తాళం పడ్డ గడీకి ఆ మనిషి ఉండడు. తూములో ఆకులు నిండుతాయి, నీళ్లు గోడలోకి దిగుతాయి. కాపాడలేని చోట కొలిచి గీయడమే మిగిలిన పని. 30 మీటర్ల టేపు సున్నా అంకెను ఒక మూలన పట్టి, కిటికీ, దర్వాజ అంచులన్నీ అదే సున్నా నుంచి వరుసగా చదవాలి. ముక్కముక్కగా కొలిచి కూడితే తప్పులు కూడా కూడుకుంటాయి. పాత అర్రల (గదుల) మూలలు చాలావరకు సరి లంబకోణాలు కావు, రెండు కర్ణాలూ కొలవకపోతే పటం మూసుకోదు. గోడ వాలు తెలియాలంటే దారానికి గుండు కట్టి పైనుంచి వదిలి, పైన, కింద దూరం చూడాలి.

నిర్వాహకులు:
మట్టి–పట్టు ప్రాసయతి అందంగా ఉంది. కాని టేపుపట్టీ గారూ, "కూలినపుడె"లో ఏవకారం ఉంది. కూలినప్పుడు మాత్రమే అని అర్థం. మీ గోడ కూలక ముందే కాగితం మీద నిలిచింది. సమస్యలో పట్టంతా ఆ ఎ లోనే ఉంది. దాన్ని ఎవరూ తేలిగ్గా దాటలేరు.

టేపుపట్టీ:
ఒప్పుకుంటున్నాను. మళ్లీ రాశాను:

లోన నేమి గలదొ లోకాని కెరుకౌనె
నిలిచి యున్నవేళ? నేడు పటము
గీయ పొరలు నాల్గు గీతలై కనుపించె
గోడ కూలినపుడె గోడ నిలిచె

నిలిచిన గోడ మందం చెబుతుంది గాని లోపలి కట్టడం చెప్పదు. ఒక మూల విరిగిపడితేనే తెలుస్తుంది: లోపలి రాతి వరుస, నడుమ చిన్న రాళ్లు, మట్టి కూరిన నింపుడు, బయటి రాతి వరుస, దాని మీద పూత. రెండు వరుసలను కలుపుతూ అడ్డంగా పెట్టిన పొడవాటి రాళ్లు ఎంత దూరానికి ఒకటి ఉన్నాయో కూడా అక్కడే లెక్కకు వస్తుంది. అవి తక్కువైన చోటే గోడ కడుపు ఉబ్బి కూలింది. మరమ్మతు చేసేవాడికి కావలసిన పటం అది.

నిర్వాహకులు:
ఇప్పుడు ఎ కుదిరింది. లో–లో, ని–నే, గీ–గీ యతులూ సరే.

తాపీమేస్త్రి:
విరిగిన మూలను కొలిచేటప్పుడు ఎదురుగ నిలబడొద్దు. పక్కనుంచి, అదీ వాన పడి రెండు రోజులు ఆరినంక. తడి నింపుడు చెప్పకుండ జారతది.