పోలండ్ జూనియర్ స్పీడ్‌వే జట్టు ఇన్నిసార్లు ఎలా గెలిచింది?

ఎడమమలుపు:
స్పీడ్‌వే అంటే అండాకారపు మట్టి ట్రాక్ మీద జరిగే మోటార్‌సైకిల్ పందెం. అందులో 21 ఏళ్ళ లోపు వారికి ప్రపంచ జట్ల పోటీ 2005లో మొదలైంది. 2019 వరకు జరిగిన 15 పోటీల్లో 12 పోలండ్‌వే. 2010, 2013లలో డెన్మార్క్, 2011లో రష్యా గెలిచాయి, అంతే. వయసు మీరినవారు తప్పుకుంటూ ఉంటే రెండు మూడేళ్ళకొకసారి కొత్తదైపోయే జట్టుకు ఇది ఎలా సాధ్యమైందో, అక్కడ పోటీలు చూసినవారు చెప్పగలరా?

ఆముదంవాసన:
నేను పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్‌లో చదువుకునే రోజుల్లో సహవిద్యార్థి ఒకరు ఒలింపిక్ స్టేడియంలో లీగ్ మ్యాచ్‌కు తీసుకువెళ్ళారు. బండి 500 సీసీ, గేరు ఒక్కటే, బ్రేకులు అసలే లేవు. ఇంధనం మిథనాల్, ఇంజిన్‌లో పోసేది ఆముదం కలిసిన నూనె. ఆ పొగ ముక్కుకు తగలగానే చిన్నప్పుడు అమ్మమ్మ తలకు పట్టించిన ఆముదం గుర్తుకు వచ్చింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన హీటు (నలుగురు తలపడే ఒక చిన్న పందెం) ముగిసిన ప్రతిసారీ కార్యక్రమ పుస్తకంలోని గళ్ళలో వారి స్థానాలకు దక్కే పాయింట్లు 3, 2, 1, 0 అని కలంతో నింపుకుంటున్నారు. రెండో హీటు రాగానే ఆయన లేచి నిలబడ్డారు. పై స్థాయి లీగ్‌లో ప్రతి జట్టూ ఇద్దరు స్వదేశీ జూనియర్లను దింపి తీరాలి, రెండో హీటులో తలపడేది ఆ నలుగురే. పదహారు పదిహేడేళ్ళ కుర్రవాడు వేల మంది ఎదుట, జట్టు గెలుపోటములు తన పాయింట్ల మీద ఆధారపడిన స్థితిలో, వారం వారం పోటీపడుతున్నప్పుడు ప్రపంచ ఫైనల్ అతనికి కొత్తగా అనిపించదు. మీ ప్రశ్నకు సమాధానం ఆ నిబంధనే అని నా అభిప్రాయం.

లెక్కలమాస్టారు:
ఆముదంవాసన గారూ, అంగీకరిస్తాను గానీ, ఓడిన సంవత్సరాలు కూడా ఆ మాటనే బలపరుస్తాయి. 2011లో వ్యక్తిగత జూనియర్ ప్రపంచ విజేత మాచేయ్ యానోవ్‌స్కి, 2013లో పాత్రిక్ దూదెక్. ఇద్దరూ పోలండ్ వారే, అయినా ఆ రెండేళ్ళూ జట్టు టైటిల్ చేజారింది. నాలుగు దేశాల ఫైనల్లో ప్రతి హీటుకూ దేశానికి ఒక్కడే దిగుతాడు కనుక, ఒక్కడు అయిదు హీట్లూ గెలిచినా మిగతావారు చివరన వస్తే లాభం లేదు. 2016లో అందుకు భిన్నంగా జరిగింది: వ్యక్తిగత టైటిల్ ఆస్ట్రేలియాకు చెందిన మాక్స్ ఫ్రిక్‌కు వెళ్ళింది, జట్టు టైటిల్ పోలండ్‌కే దక్కింది. లీగ్ తయారుచేస్తున్నది ఒక మెరుపు కుర్రవాణ్ణి కాదు, ఆ మూడో, నాలుగో రైడర్‌ను.

ఎడమమలుపు:
మరి 21 దాటాక వారంతా ఏమవుతారు? పోలండ్‌కే చెందిన బార్తోష్ జ్మజ్లిక్ 2015లో వ్యక్తిగత జూనియర్ విజేతై, 2019లో పెద్దల ప్రపంచ విజేత అయ్యారు. అందరికీ అలా కుదరదు కదా.

ఆముదంవాసన:
కుదరదు. ఆ నిబంధన నీడ తొలగిన మరుసటి ఏడాదే జట్టులో చోటు కోసం అనుభవజ్ఞులతో, విదేశీయులతో తలపడాలి. చాలామంది జారిపోయేది అక్కడే. 2021 నుంచి పై లీగ్‌లో 24 ఏళ్ళ లోపు రైడర్ ఒకరు ఉండాలని చేర్చారు గానీ, ఆ స్థానం విదేశీయుడికీ ఇవ్వవచ్చు కనుక సమస్య సగమే తీరిందనిపిస్తుంది. మీరు ఎప్పుడైనా వెళితే మలుపు దగ్గర ముందు వరుసలో కూర్చోకండి, చక్రాలు ఎగజిమ్మే మట్టి ముఖాన పడుతుంది. ఆలస్యంగా మాత్రం వెళ్ళకండి, రెండో హీటు తప్పిపోతుంది.