ఎమ్‌డీఎస్ లుకేమియాగా మారే ప్రమాదాన్ని దేన్ని బట్టి అంచనా వేస్తారు?

ప్రశ్న (కావలి నుంచి):
మా నాయన వయసు 68. రొయ్యల చెరువు గట్టు మీద నాలుగడుగులు వేసినా ఆయాసం వస్తోందంటే రక్తపరీక్ష చేయించాము. హిమోగ్లోబిన్ 8.4, ప్లేట్‌లెట్లు 90 వేలు, న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల కణాలు) 1,600 ఉన్నాయి. బి12, ఫోలేట్ లోపం లేదని తేలాక నెల్లూరులో తుంటి ఎముక నుంచి మూలుగ తీసి పరీక్షించి, మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ (ఎమ్‌డీఎస్, అంటే మూలుగ రక్తకణాలను సరిగా తయారు చేయలేని జబ్బు) అనీ, బ్లాస్ట్ కణాలు (పూర్తిగా ఎదగని రక్తకణాలు) 3 శాతమనీ రాసిచ్చారు. ఆరు నెలల్లో బ్లడ్ క్యాన్సర్‌గా ముదురుతుందని బంధువులు ఆయన ఎదుటే అంటున్నారు. ఆ మాట ఎంతవరకు నిజమో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (కనిగిరి):
మా అమ్మకు ప్లేట్‌లెట్లు 9 లక్షలు దాటినప్పుడు మాకూ ఇదే మాట చెప్పారు. ఆమెది జాక్-2 జన్యువులో మార్పు వల్ల వచ్చిన ఎసెన్షియల్ త్రాంబోసైథీమియా, అంటే ప్లేట్‌లెట్లు అతిగా తయారయ్యే జబ్బు. అందులో ముందుగా భయపడవలసింది రక్తనాళాల్లో గడ్డలకేగాని లుకేమియాకు కాదని, అలా మారేవారు చాలా తక్కువమందని, మూలుగ పీచుకట్టిపోయే మైలోఫైబ్రోసిస్‌లో మాత్రం ఆ ప్రమాదం ఎక్కువని డాక్టరుగారు వివరించారు. మీ నాయనగారిది వేరే జబ్బు కనుక మా అనుభవాన్ని దానికి కొలతగా తీసుకోకండి.

జవాబు 2 (రక్తవ్యాధుల వైద్యుడిని, సొంతూరు ఒంగోలు):
ఎమ్‌డీఎస్‌ను వైద్యశాస్త్రం ఇప్పుడు రక్త క్యాన్సర్లలోనే లెక్కిస్తుంది కాబట్టి ఆ మాటను మీ నుంచి దాచను. అయితే మూలుగలో బ్లాస్ట్ కణాలు సాధారణంగా 20 శాతానికి చేరితేనే అక్యూట్ లుకేమియా (వేగంగా ముదిరే రక్త క్యాన్సర్) అంటారు. ఎమ్‌డీఎస్ రోగుల్లో అక్కడి దాకా వెళ్లేవారు సుమారు మూడో వంతు మాత్రమే. మిగిలినవారికి అసలు ముప్పు రక్తహీనత, ఇన్ఫెక్షన్లు, రక్తస్రావం.

ఈ ప్రమాదాన్ని అంచనా వేయడానికి 2012లో సవరించిన ఐపీఎస్ఎస్-ఆర్ అనే పద్ధతిలో బ్లాస్ట్ శాతం, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, న్యూట్రోఫిల్స్, క్రోమోజోముల తీరు అనే అయిదింటికీ మార్కులు వేస్తారు. మీరిచ్చిన నాలుగు అంకెలకు 2.5 వస్తుంది, అయిదోది మీరు రాయలేదు, ఫలితాన్ని తిప్పేది అదే. క్రోమోజోములు సక్రమంగా ఉంటే మొత్తం 3.5 అయి మధ్యస్థ ప్రమాద వర్గంలోకి వస్తారు; 7వ క్రోమోజోము ఒకటి పూర్తిగా లోపిస్తే 5.5 అయి అధిక ప్రమాద వర్గంలోకి వెళతారు. ఆ పద్ధతిని రూపొందించడానికి వాడిన రోగుల లెక్కల్లో నాలుగో వంతు మందికి లుకేమియా రావడానికి మధ్యస్థ వర్గంలో మూడేళ్లకు పైగా, అధిక వర్గంలో ఏడాదిన్నర లోపే పట్టింది. కనుక ఆరు నెలలన్న మాటకు మీ దగ్గరున్న కాగితాల్లో ఆధారం లేదు, నిశ్చింతగా ఉండండని చెప్పడానికీ లేదు. ఈలోపు జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నొప్పి మాత్రలు సొంతంగా వాడనివ్వకండి.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలండీ. రిపోర్టు మళ్లీ చూశాను. క్యారియోటైప్ (క్రోమోజోముల తీరు చూసే పరీక్ష) దగ్గర "నమూనా అందలేదు" అని ఉంది. ఉన్న స్లైడ్లతో ఆ పరీక్ష చేయించవచ్చునా?

జవాబు 3 (నెల్లూరు, విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్):
చేయించలేరు. క్యారియోటైప్‌కు బతికున్న కణాలు కావాలి. వాటిని పెంచి, విభజన మధ్యలో ఆపి క్రోమోజోములను చూస్తారు. స్లైడు మీది కణాలు అప్పటికే చనిపోయి ఉంటాయి. అందుకే మూలుగ తీసినప్పుడే కొంత హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ఉన్న పచ్చ మూత గొట్టంలో పట్టాలి. ఊదా మూత గొట్టం దీనికి పనికిరాదు. దాన్ని గడ్డకట్టనివ్వకుండా, ఎండ తగలనివ్వకుండా వీలైతే మర్నాటికల్లా చెన్నైకో వెల్లూరుకో చేర్చాలి. మీ నాయనకు మళ్లీ సూది తప్పదు. ఈసారి తీయడానికి ముందే, ఏ ల్యాబ్‌కు పంపుతారో, ఎవరు తీసుకెళతారో డాక్టరుగారిని అడిగి, ఆదివారం మధ్యలో పడకుండా రోజు ఖాయం చేసుకోండి.