ఉన్న జబ్బును ఇంకా పెంచడానికి తెలుగులో ఒక్క క్రియ ఉందా?

అడిగినది: బెజవాడ అనువాదకురాలు

ఉబ్బసం ఉన్నవాళ్ళకు పంచే కరపత్రం ఒకటి ఇంగ్లిషు నుంచి తెలుగులోకి తెస్తున్నాను. నాలుగు పేజీలే. పొగ, దుమ్ము, పిల్లి బొచ్చు, చలిగాలి జబ్బును ఇంకా పెంచుతాయని అందులో ఒకే క్రియతో ఏడు చోట్ల ఉంది. మొదటిచోట "తీవ్రతరం చేస్తాయి" అని రాసి అమ్మకు చదివి వినిపించాను. అమ్మకు 20 ఏళ్ళుగా ఉబ్బసం, ఈ కాగితం చేరాల్సింది అలాంటివాళ్ళకే. "తీవ్రతరమా? ఏంటే, తీవ్రవాదుల గురించా?" అంది.

సరే అని "చెడగొడతాయి" పెట్టాను. అదీ కుదరలేదు. పెళ్ళి సంబంధం చెడగొడతారు, పిల్లల్ని చెడగొడతారు. అంతకుముందు అది బాగుండాలి కదా. ఉబ్బసం ఏం బాగుందని చెడగొట్టడానికి? పాడుచేయడమూ అంతే. "విషమించింది" అంటే ఆస్పత్రి బులెటిన్. "వికటించింది" వైద్యానికి వస్తుంది గానీ జబ్బుకు రాదు. "తిరగబెట్టింది" అంటే తగ్గి మళ్ళీ వచ్చిందని.

మిగిలింది "ముదరబెట్టు". అమ్మ నోట్లో ఎప్పుడూ ఉండే మాటే. కానీ "దుమ్ము జబ్బును ముదరబెడుతుంది" అని రాస్తే ఏదో తేడా కొడుతోంది. ఎందుకో తెలియడం లేదు. గడువు సోమవారం, టెన్షన్‌గా ఉంది.

జవాబు: రిటైరైన తెలుగు మాస్టారు

తేడా "బెట్టు"లో ఉందమ్మా. ఎండబెట్టు, ఆరబెట్టు, నానబెట్టు, మాగబెట్టు. ఈ పనుల్లో మన చెయ్యి ఎంతసేపు? వడియాలు గుడ్డ మీద పెట్టి వచ్చేస్తాం, మిగతాది ఎండ చూసుకుంటుంది. మామిడికాయలు గడ్డిలో పెట్టి ఊరుకుంటాం. బెండకాయ కోయకుండా వదిలేస్తే ముదురుతుంది. జబ్బు ముదరబెట్టుకున్నాడంటే వేళకు చూపించుకోకుండా వదిలేశాడని. తప్పు అశ్రద్ధది. దుమ్ముకు అశ్రద్ధ ఏమిటి? అందుకే మీ చెవి ఒప్పుకోలేదు.

"కొట్టు" చేరినవి చూడండి: పడగొట్టు, విరగ్గొట్టు, రెచ్చగొట్టు. అక్కడ చెయ్యి పడుతుంది.

మా నాన్నకు కాలి మీద పుండు లేచింది. నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. అప్పుడు మా అమ్మ "ముదరబెట్టుకున్నారు" అంది. తర్వాత ఎవరో చెప్పారని ఏదో ఆకు పసరు పోసుకుంటే చీము పట్టింది. అప్పుడు "కెలికి పెద్దది చేసుకున్నారు" అంది. పుండు అదే, మనిషీ ఆయనే, క్రియ మాత్రం మారింది.

ఇక విషమించు, వికటించు, క్షీణించు. సంస్కృత పదానికి "ఇంచు" తగిలించినవి ఇవన్నీ. చూడ్డానికి ఒకరు ఇంకొకదాన్ని చేసినట్టుంటాయి గానీ, అన్నీ వాటంతటవే జరిగేవి. ఒకరు చేశారనాలంటే "విషమింపజేయు" అని సాగదీయాలి. మాటల్లో అది ఎవరూ అనరు.

అన్నట్టు "తిరగబెట్టు"లోనూ బెట్టు ఉంది, కానీ అది నా లెక్కకు లొంగదు. జ్వరాన్ని ఎవరూ తిరగబెట్టరు, అదే తిరగబెడుతుంది. దాన్ని వదిలేయండి.

జవాబు: పొయ్యి దగ్గర

"ఎగదోయు" మర్చిపోయారు. కట్టెల పొయ్యి వాడినవాళ్ళకు తెలుస్తుంది. మంట తగ్గుతుంటే కట్టెను లోపలికి ఎగదోస్తాం. మంట ఉన్నదే, మనం కొత్తగా పుట్టించలేదు. మీరడిగిన అర్థం అచ్చంగా ఇదే కదా? కాకపోతే తోడికోడళ్ళ గొడవకు బాగుంటుంది, ఆయాసానికి బాగుండదు. అగ్నికి ఆజ్యం పోయడమూ అంతే. పుండు మీద కారం చల్లడం వేరు. అక్కడ మంట మనిషికి, పుండు పెరగడం సంగతి అలా ఉంచండి.

జవాబు: వరంగల్ నుంచి

మా దిక్కు "ఖరాబు చేసిండు", "ఆగం చేసిండు" అంటారు. ఖరాబు కూడా మీ చెడగొట్టడం లాంటిదే, మంచిగున్నదే ఖరాబవుతుంది. కాబట్టి మీకు పనికిరాదు.

నా డౌటు వేరే. దుమ్ముతో ఏదో ఒకటి చేయించాలని ఎందుకు పట్టుబట్టారు? మా బాపుకు దమ్ము, అంటే మీ ఉబ్బసమే, ఉండేది. మిరపకాయలు దంచుతుంటే "నాకు పడది" అని ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకుని బయటికి పోయేవాడు. అంతే. మిరప ఘాటు ఆయనను ఏమో చేస్తుందని ఎన్నడూ అనలేదు.

మళ్ళీ బెజవాడ అనువాదకురాలు

వరంగల్ గారూ, "పడదు" నాకెందుకు తట్టలేదో! అమ్మ రోజూ అంటుంది, పెరుగు పడదు, ఏసీ పడదు అని. ఇంగ్లిషు వాక్యం ముందు పెట్టుకుని కూర్చుంటే ఇంట్లో మాట వినపడదు కాబోలు.

ఏడు చోట్లా మార్చేశాను. ఇప్పుడు ఇలా ఉంది: "ఉబ్బసం ఉన్నవాళ్ళకు పొగ, దుమ్ము, చలిగాలి పడవు. అవి తగిలితే ఆయాసం ఎక్కువవుతుంది." పంపినవాళ్ళు తీవ్రతరమే కావాలంటారేమో, చూడాలి.

మాస్టారి మాట కూడా వృథా పోలేదండీ. చివరి పేజీలో, బాగానే ఉంది కదా అని రోజూ పీల్చే మందు సొంతంగా ఆపేయవద్దని ఉంది. అక్కడ "మందు మధ్యలో మానేసి జబ్బు ముదరబెట్టుకోవద్దు" అని రాశాను. అది చదవగానే అమ్మ కళ్ళజోడు తీసి, "ఇది నన్నే కదూ అంటున్నావు?" అంది.